చెలమ పక్కన కోర్టు

పరుపుల షఫీవుల్లా అంటే ఏటిగడ్డపల్లిలోనే కాదు, కుందుర్పి సంతకొచ్చే జనంలో సగం మందికి తెలుసు. దూది ఏకే ఇంట్లో పుట్టిన మనిషి. తాత ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడు. నాయన కూడా అదే చేశాడు. షఫీవుల్లా చేతికి పని వచ్చేసరికి కరెంటు మిషను వచ్చింది, దాని వెనకనే దుకాణాల్లోకి స్పాంజి పరుపులూ వచ్చాయి. ఇప్పుడు కొత్త పరుపు కుట్టించుకునేవాళ్లు లేరు. నడుం నొప్పితో స్పాంజి మీద నిద్రపట్టని ముసలివాళ్లు మాత్రం పాత పరుపు విప్పించి మళ్లీ ఏకించుకుంటారు. వాళ్ల నడుం నొప్పి మీద ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

అట్లాంటి మనిషి ఊరి ఆడపిల్లలకు బీచ్ వాలీబాల్ నేర్పుతున్నాడంటే విన్నవాళ్లు ముందు నవ్వేవారు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు నిజంగానే అర్థమయ్యేది కాదు.

"సముద్రం లేకుంటే ఏమప్పా? ఆడేది నీళ్లలో కాదు గదా, ఇసకలో. ఇసక మనకుండాది."

వయసులో ఆయన వాలీబాల్ లిఫ్టరు. పొట్టివాడు కాబట్టి స్మాష్ కొట్టే యోగం లేదు, కొట్టేవాడికి బంతి అందించడమే పని. ఒకసారి బూరుగు దూది కోసం కోస్తాకు పోయినప్పుడు సముద్రం ఒడ్డున ఆ ఆట చూశాడు. ఆరుగురు ఆడాల్సిన చోట పక్కకు ఇద్దరే ఆడుతున్నారు. అలిసిపోతే మార్చడానికి మూడో మనిషి లేదు. గురువు బయట కూర్చోవాల్సిందే, ఆట నడిచేటప్పుడు నోరు తెరవకూడదు. ఇద్దరు ఆడపిల్లలు వీపు వెనక వేళ్లతో సైగలు చేసుకుంటూ, ఒకరు పడితే ఒకరు లేపుకుంటూ ఆడుతుంటే, దూది మూటల సంగతి మరిచిపోయి పొద్దుగూకేదాకా అక్కడే నిలబడిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే పెండ్లాం మస్తానాబీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "దూది తెమ్మని పంపితే ఆట తెచ్చినావా? దాన్ని ఏకి పరుపులో కూరుకుందామా?"

ఊరి పక్క ఏరు మెలిక తిరిగే చోట ఇసుక నిలువు లోతు ఉండేది. ఏరన్నది పేరుకే, అందులో నీళ్లు పారడం పెద్దవాళ్లు చెప్పుకునే సంగతి. కానీ ఆ మెలికలో చేతులతో ఇసుక తోడితే ఊట వచ్చేది. అదే చెలమ. ట్యాంకరు రాని దినాల్లో ఊరంతటికీ ఆ గుంటే దిక్కు. ఆడవాళ్లు చిప్పతో తోడి, గుడ్డ మీద వడగట్టి బిందె నింపుకునేవారు. షఫీవుల్లా కోర్టు వేయాలనుకున్నది సరిగ్గా దాని పక్కనే. ఇసుక అక్కడే మెత్తన, అక్కడే చల్లన.

చెలమకు పెద్దదిక్కు నల్లమ్మవ్వ. ఊట తోడే వరస తప్పితే ఎవరి బిందెనైనా కాలితో దొర్లించే మనిషి. ఆమె ముందు షఫీవుల్లా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆటలాడితే దుమ్ము లేస్తాది. పోరా."

"ఆడినంతసేపూ పిల్లోళ్లే చెలమ కాస్తారవ్వా. గొడ్లను రానీరు. ట్రాక్టర్లను రానీరు."

ఆ చివరి మాటకు ముసలామె తల ఎత్తింది. ఏటి ఎగువనంతా ఇసుక వ్యాపారి లక్ష్మీపతి ట్రాక్టర్లు ఇసుక తోడేస్తున్నాయి. తెల్లారీ తెల్లారక ముందు, మళ్లీ పొద్దుగూకే వేళ వచ్చి నింపుకుపోతాయి. రోజూ ఒక బారెడు మెలిక వైపు జరుగుతున్నాయి.

"మాట తప్పితే నీ దబ్బనంతోనే నీ నోరు కుడతా," అంది నల్లమ్మవ్వ. అదే ఒప్పందం.

అట్లా మొదలైంది. షఫీవుల్లా పరుపుల అంచుకు కుట్టే పట్టీ గుడ్డను నీలం అద్దకంలో ముంచి, పొడుగ్గా కుట్టి, కోర్టు గీతలుగా పరిచాడు. నాలుగు మూలలా కట్టెలు పాతి గీతలను వాటికి కట్టాడు. వలను తానే అల్లాడు. పిల్లలు రోజూ ఆటకు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఇసుకను వేళ్లతో జల్లించి తుమ్మముళ్లు ఏరేవారు. ఎండకు అరికాళ్లు బొబ్బలెక్కితే పాత పరుపు గుడ్డతోనే మేజోళ్లు కుట్టిచ్చాడు. పొద్దునా సాయంత్రం ఏట్లో ఆడపిల్లల కేకలే. ఇంతమంది పిల్లల నడుమకు ట్రాక్టరు దించడానికి ఏ డ్రైవరుకైనా మొహం చెల్లాలి గదా. మెలిక జోలికి వాళ్లు రాలేదు.

పిల్లల్లో ఇద్దరు వేరు. ఒకతె షఫీవుల్లా కూతురు షాహిదా. నాయనలాగే పొట్టి, కానీ బంతి ఎక్కడ పడుతుందో గాలికంటే ముందు ఆ పిల్లకు తెలుస్తుంది. రెండో పిల్ల మల్లీశ్వరి, గొర్రెల ఆంజినప్ప కూతురు. పదో తరగతికొచ్చేసరికి ఇంటి గుమ్మానికి తల తగిలేంత ఎదిగింది. వల పైన చేతులు లేపితే అవతలివాళ్లకు ఆకాశం కనిపించదు. షాహిదా లేపాలి, మల్లీశ్వరి కొట్టాలి. మల్లీశ్వరి అడ్డుపడాలి, దాటిపోయిన దాన్ని షాహిదా పట్టాలి. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి.

ఆ ఏడు తొలకరి కార్తెలు వాన లేకుండా ఒట్టివే పోయాయి. ఆంజినప్ప గొర్రెలన్నీ అమ్మేశాడు. ఒకరోజు షఫీవుల్లా ఇంటి అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించి, పీల్చకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.

"దీపావళి దాటితే బెంగుళూరుకు పోతాండాము బావా. బిల్డింగు పని. మేస్త్రి మనిషిని పంపిస్తానన్యాడు."

"పాప?"

"యాడ వదిలిపెట్టేది? అదీ ఇటుకలు మోస్తాది. పొడుగుండాది గదా, సారవ కట్టెలెక్కినోళ్లకు అందిస్తాదంట. మేస్త్రే చెప్పినాడు."

వల మీదికి లేచే ఆ చేతుల ఎత్తు మేస్త్రికి కూడా పనికొచ్చింది.

ఆయనకొక దారి తెలుసు. కోస్తాలో ఒక అకాడమీ ఉంది. ఈ ఆటకోసమే పెట్టినది. అందులో సీటొస్తే అన్నం, బడి, ఆట మూడూ వాళ్లే చూసుకుంటారు. శ్రావణంలో వాళ్లు పోటీలు పెడతారు, అక్కడే పిల్లలను చూసుకుంటారు. "అంతదాకా పాప సంగతి తేల్చొద్దు బావా. సీటొస్తే పాపను నాకొదిలిపెట్టు," అన్నాడు. ఆంజినప్ప తల ఊపాడు. మల్లీశ్వరి బతుకు ఆ తల ఊపు మీద నిలబడింది.

పోటీలకు పోవాలంటే బండి కావాలి, బస కావాలి, తిండి కావాలి. షఫీవుల్లా అనంతపురం చుట్టూ తిరిగాడు. ఆటల ఆఫీసులో ఒక సారు కుర్చీలో వెనక్కి వాలి, "బీచ్ ఆటకు బీచ్ యాడుండాదయ్యా మీకు? ఆ దుడ్లు సముద్రం ఉండే జిల్లాలకు పోతాయి," అని, తన జోకుకు తానే నవ్వాడు. ఒక పెద్ద కంపెనీ వాళ్లు క్రికెట్టయితే చూస్తామన్నారు. ఇంకో ఆయన పిల్లలు చెప్పుల్లేకుండా ఉండే ఫొటోలు అడిగాడు. పేదరికం కనబడాలంట, ఆట కనబడకపోయినా ఫరవాలేదంట. కరువు చూసి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఈ జిల్లాకు ఎప్పుడూ తక్కువ కాలేదు. కరువు నేల మీద కూడా ఒక పిల్ల అందరికంటే ఎత్తుకు ఎగరగలదని నమ్మి చెయ్యి జేబులో పెట్టే మనిషే దొరకడు.

దొరికినవాడు లక్ష్మీపతి.

రాప్తాడు దగ్గర హైవే పక్క ఆయనకు కొత్త ఇల్లు. ఊరికి వస్తే తెల్లచొక్కా, వెనక నలుగురు. ఆ రోజు ఆయనే షఫీవుల్లా మిషను దగ్గరికొచ్చి దూది మూట మీద కూర్చున్నాడు.

"ఏమప్పా షఫీ, ఊరికింత పేరు తెచ్చే పని చేస్తాండావు, నాకొక మాట చెప్పకూడదా? బండి నాది, బస నాది. పిల్లోళ్లకు జెర్సీలు కుట్టిస్తా. వీపు మీద నా పేరుంటే చాలు."

"ఇద్దరే గదన్నా ఆడేది."

"ఇద్దరేంది? అందర్నీ పిల్చకపో. పాపం, ఎన్నడన్నా సముద్రం చూసినారా వాళ్లు? నల్లమ్మవ్వను గూడా ఎక్కించుకో. ముసలిది, చూసి చస్తాది."

షఫీవుల్లా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతమంది గడపలు తొక్కినా ఎవరూ అనని మాట అది. ఏ పిల్లను వదిలిపెట్టి పోవాలా అని ఆయన నిద్రపోని దినాలున్నాయి. అందర్నీ అన్నప్పుడు ఇంకేం ఆలోచిస్తాడు? లేనివాడికి పెద్ద చెయ్యి అందితే వేళ్లు చూడాలనిపించదు.

నల్లమ్మవ్వ మాత్రం బండెక్కలేదు. "అందరూ పోతే ఏరెవరు కాస్తారు?"

"నాలుగు దినాలే గదవ్వా."

"ఇసకోడి బండెక్కి ఇసక ఆటకు పోతాండావు. నీకు నవ్వు రాలేదా?"

అప్పుడు అందరూ నవ్వారు, షఫీవుల్లా కూడా. చక్కటి మాట అన్నదని నవ్వారు.

సముద్రం చూసి పిల్లలు కేకలు పెట్టలేదు. నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. మల్లీశ్వరి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది, తుప్పున ఉమ్మింది.

"ఇన్ని నీళ్లుండి ఒక్క గుక్క తాగేకి లేదేంది మామా?"

"ఇది మనకిచ్చేది తాగే నీళ్లు కాదు పాపా, ఇసక."

అక్కడి ఇసుక ఏటి ఇసుకకంటే సన్నం. మొదటి ఆటలో ఇద్దరికీ కాళ్లు ఆడలేదు. ఉప్పుగాలికి బంతి పక్కకు పోయింది. షఫీవుల్లా బయట కూర్చుని, నోరు తెరవకూడదు గనక, దూది మీద దబ్బనం తోసినట్టు బొటనవేలితో తొడ మీద పొడుచుకుంటూ ఉన్నాడు. రెండో ఆటకు షాహిదా గాలిని పట్టేసింది. వీపు వెనక రెండు వేళ్లు మడిస్తే మల్లీశ్వరి ఎడమకు, ఒకటి మడిస్తే కుడికి. కోస్తా పిల్లలు, పుట్టినప్పటినుంచి సముద్రం వింటున్న పిల్లలు, ఆ మెట్ట పిల్లల ముందు కూలబడ్డారు. చివరికి సెమీస్‌లో ఓడిపోయినా, ఒడ్డున జనం వీళ్లకే చప్పట్లు కొట్టారు.

అకాడమీ కోచ్ పెద్దావిడ, హేమావతి మేడం. షఫీవుల్లాను పక్కకు పిలిచింది.

"పొడుగమ్మాయి మీద నాకు నమ్మకం ఉంది. చిన్నమ్మాయి ఎత్తు మావాళ్లు ఒప్పుకోరు. కానీ వాళ్లిద్దరూ ఒకరికొకరు అలవాటు. దసరా తర్వాత ఆఖరి సెలక్షన్. జోడీగానే తీసుకురండి, కొట్లాడి చూస్తాను. ఈలోగా ఒక్కరోజు కూడా ప్రాక్టీసు ఆపొద్దు. ఇసుక లోతుగా ఉండాలి, గట్టి నేల మీద ఎగరనివ్వొద్దు. ఈ వయసులో మోకాలు పోతే ఆటే పోతుంది."

బండిలో తిరిగొస్తున్నంతసేపూ పిల్లలు పాడుతూనే ఉన్నారు. షఫీవుల్లా కిటికీలో తల పెట్టుకుని, దసరా దాకా ఎన్ని పొద్దులున్నాయో లెక్కపెట్టుకున్నాడు.

ఊరి పొలిమేరలో బండి ఆగింది. ఏటి గట్టున ఆడవాళ్లు ఖాళీ బిందెలతో కూర్చుని ఉన్నారు. ఎవరూ పిల్లలను పలకరించలేదు.

మెలిక లేదు. మెలికున్న చోట ఎర్రమట్టి గుంటలు, వాటి మధ్య ట్రాక్టరు చక్రాల అచ్చులు. కోర్టు మూలలకు పాతిన కట్టెల్లో ఒకటి గుంట అంచున వేలాడుతోంది, దానికి నీలం పట్టీ ముక్క ఒకటి అంటుకుని. చెలమ ఉన్న చోట బండరాయి తేలింది. పొడిగా.

నల్లమ్మవ్వ లేవలేదు. "పట్టపగలే తోలినారు. మేమడ్డం పోతే ఏమన్యారో తెల్సునా? 'మీ పిల్లోళ్లు మా అన్న బండిలో సముద్రం చూసేకి పోయినారు, మీరేంది మాట్లాడేది' అన్యారు. దబ్బనం తెచ్చినావా?"

షఫీవుల్లా నోరు విప్పలేకపోయాడు. ముసలామె కుట్టాల్సిన పని లేకపోయింది.

మర్నాడు లక్ష్మీపతి ఇంటికి పోయాడు. ఆయన టిఫిను తింటూ కూర్చోమన్నాడు, చట్నీ వేయించాడు.

"నీకు కావాల్సింది ఇసకే గదప్పా? దానికింత బాధేంది. రెండు ట్రాక్టర్లు బడి ముందర తోలిస్తా. ఎండకు, నీడకు నీ ఇష్టమొచ్చినట్ల ఆడిచ్చుకో."

"ఆడ చెలమ ఉండెనన్నా. ఊరు తాగే నీళ్లు."

"ట్యాంకరు మనదే గదా. వస్తాదిలే."

షఫీవుల్లా కుందుర్పికి పోయి మండలాఫీసులో ఫిర్యాదు చెప్పాడు. అక్కడి ఆయన ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. బండి ముందర పిల్లలందరూ వరసగా, వీపులు తిప్పి, లక్ష్మీపతి పేరు కనబడేట్టు. మధ్యలో షఫీవుల్లా, నవ్వుతూ. "ఈయన మీదనా ఫిర్యాదు?" అన్నాడాయన, ఏమీ కోపం లేకుండా. దోచుకునేవాడు ముందు దానం చేస్తాడు. ఫొటో తీయించుకుంటాడు. ఆ తర్వాత బాధితుడి మొహమే వాడికి సాక్ష్యం చెబుతుంది. ఈ సంగతి ఈ నేల మీద ఎంతమందికి ఎన్నిసార్లు తెలిసొచ్చిందో, అయినా ప్రతిసారీ కొత్తగానే తెలుస్తుంది.

ఆడవాళ్లు రెండు పొద్దులు బండ్ల దారికి అడ్డంగా కూర్చున్నారు. షఫీవుల్లా పోయి చివర కూర్చున్నాడు. పక్కనున్నామె కొంగు సర్దుకుని జరిగింది. ట్రాక్టర్లు ఆ దారి వదిలి అవతలి గట్టు నుంచి దిగాయి. తీసుకోవడానికి ఆ మెలికలో ఇంకేమీ మిగల్లేదు కూడా.

మాట ప్రకారం రెండు లోడ్ల ఇసుక బడి ముందర పడింది. ఏటి మెలిక ఇసుకే. పిల్లలు గుర్తుపట్టారు. పరిస్తే కాలి మడమ దాకా వచ్చింది, దాని కింద రోలరు తొక్కిన గట్టి గరుసు నేల. హేమావతి మేడం మాట షఫీవుల్లా చెవిలో మోగుతూనే ఉంది. అందుకని ఎగరొద్దన్నాడు. నిలబడి చేతులాడించమన్నాడు, లిఫ్టులే చేయమన్నాడు.

"ఎగరకుండా బ్లాక్ ఎట్ల పెడతారు మామా?" అంది మల్లీశ్వరి. "ఆడికి పోయి నిలబడుకుంటే సీటిస్తారా?"

"రెండు దినాలాగు. ఇంకా ఇసక అడుగుతా."

"ఎవర్ని?"



దసరా దగ్గర పడుతోంది. మేస్త్రి మనిషి ఒకసారి వచ్చి పోయాడు. ఆంజినప్ప ఇంట్లో సామాన్లు ఒక మూలకు చేరుతున్నాయి. షఫీవుల్లా చివరికి ఇంట్లో ఉన్న దూదంతా తెచ్చి, బడి ముందరి నేల మీద గోనెపట్టాల కింద పరిచి, పైన ఇసుక పోయించాడు. పరుపుల మనిషికి తప్ప ఇంకెవరికీ తోచని ఉపాయం. పైకి చూస్తే మెత్తన. మల్లీశ్వరి ఒకసారి ఎగిరింది, నవ్వింది. "బాగుండాది మామా!" మళ్లీ ఎగిరింది. ఆ పూట అందరూ నవ్వారు.

మూడోనాడు షాహిదా ఎత్తిన బంతికి మల్లీశ్వరి ఎప్పటికంటే పైకి లేచింది. దిగేటప్పుడు ఒక కాలు దూది ఉన్న చోట, ఒక కాలు దూది జరిగిపోయిన చోట పడింది. కట్టె విరిగినట్టు చప్పుడు అవతల ఉన్న షఫీవుల్లాకు కూడా వినబడింది.

అనంతపురంలో డాక్టరు మోకాలి లోపలి నరం తెగిందన్నాడు, ఆపరేషనన్నాడు, అయినా ఆట గ్యారంటీ లేదన్నాడు. షఫీవుల్లా హేమావతి మేడానికి ఫోను చేశాడు.

"నేను చెప్పాను గదండీ," అందావిడ. తిట్టినట్టు కాదు, ఏడ్చినట్టే అంది.

"మా షాహిదాను..."

"జోడీ లేకుండా ఆ ఎత్తుతో... వాళ్లు చూడరండీ. ఏమనుకోకండి."

షాహిదా పక్కనే నిలబడి వింటోంది. తెల్లారి ఏమీ జరగనట్టు మిషను దగ్గర కూర్చుని దూది ఏకింది. మస్తానాబీ వద్దన్నా లేవలేదు. ఇసుక కలిసిన దూది. మిషను ఏకుతుంటే గింజలు గింజలుగా ఇసుక రాలింది.

దీపావళి దాటిన వారానికి లారీ వచ్చింది. ఆంజినప్ప, ఆయన పెండ్లాం, మూటలు, గిన్నెలు. మల్లీశ్వరి లారీ మీద కర్ర ఆసరాతో నిలబడింది. ఇటుకలు మోయలేదు గనక కూలీలకు వంట చేస్తుందని మేస్త్రి ఒప్పుకున్నాడంట. అదీ సగం కూలికి.

షఫీవుల్లా ఒక పరుపు మోసుకొచ్చాడు. ఇసుక రాల్చి మళ్లీ ఏకిన దూది, అంతా అందులోనే కుట్టాడు. "షెడ్డులో నేల మీద పండుకుంటే కాలు పీకుతాది పాపా." పరుపు చుట్టాడు, కట్టడానికి తాడు వెతికాడు. షాహిదా ఇంట్లోకి పోయి నీలం పట్టీ తెచ్చింది. కోర్టు గీతల్లో మిగిలిన ముక్క. నాయన చేతికిచ్చింది. ఆయన దాంతో పరుపును రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడేసి, లారీ మీదికి అందించాడు. పైనుంచి అందుకోవడానికి మల్లీశ్వరి చేతులు చాచింది. ఆ చేతుల పొడుగు మాత్రం తగ్గలేదు.

నల్లమ్మవ్వ ఖాళీ బిందెతో దూరంగా నిలబడి చూస్తోంది. అవతలి ఊరి బోరు దగ్గరికి పోతూ ఆగినట్టుంది.

లారీ కదిలేటప్పుడు మల్లీశ్వరి పరుపు మీద చెయ్యి వేసుకుని కేకేసింది.

"ఈ పట్టీ మళ్లీ పంపిస్తాలే మామా. కోర్టుకు కావాల గదా."

షఫీవుల్లా లారీ పక్కన నాలుగడుగులు నడిచాడు.

"నీ దగ్గరే పెట్టుకో పాపా," అన్నాడు. "ఈడ యాడ కట్టాల?"